జేబులోని వాద్యము
(సంఘ వారపు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగ విషయము మౌత్ ఆర్గన్ అని తెలిసినపుడు మన సభ్యులలో కొందరు నవ్విరని విన్నాము. పిల్లలు ఊదుకొను ఆటవస్తువునకు పెద్దల సభ యెందులకని వారి ప్రశ్న. ఆ ప్రశ్నకే సమాధానము చెప్పదలచినాము. వర్తకులమగుటచే వస్తువునకు ధర కట్టుట మా వృత్తి. అయితే ధర వేరు, విలువ వేరు. ఈ రెంటికిని గల భేదమును ఈ చిన్న వాద్యము చక్కగా రుజువు చేయుచున్నది.

హార్మోనియము నెరుగని తెలుగు కుటుంబము అరుదు. పద్యనాటకమునకు అది ప్రాణము. మౌత్ ఆర్గన్ దానికి దగ్గరి బంధువు. హార్మోనియములో తిత్తి చేయు పనిని ఇందు మన ఊపిరి చేయును. గాలి తగిలినపుడు ఊగి పలుకు సన్నని ఇత్తడి రీడే రెంటికిని మూలము. చైనా దేశమున వెదురు గొట్టములతో చేసి నోటితో ఊదు షెంగ్ అను వాద్యమునందు ఈ సూత్రము ప్రాచీనకాలము నుండియు కలదు. ఐరోపాలో మౌత్ ఆర్గన్ పుట్టినది 19వ శతాబ్దపు పూర్వార్ధమున.

దానిని లోకమంతట వ్యాపింపజేసిన ఘనత జర్మనీలోని ట్రోసింగెన్ అను చిన్న ఊరిది. అచటి గడియారముల పనివాడు మత్తియాస్ హోనర్ 1857లో ఈ వాద్యములను చేయనారంభించెను. మొదటి యేడు చేసినవి 650 మాత్రమే. 1880వ దశకము ముగియునప్పటికి ఏటికి పది లక్షలు తయారగుచుండెను. ఇందుకు కారణము యంత్రములొక్కటియే కాదు. ఆ కాలమున లక్షలాది జర్మనులు అమెరికాకు వలసపోవుచుండిరి. పియానోను ఓడ నెక్కించుట ఎందరికి సాధ్యము? మౌత్ ఆర్గన్ జేబులో ఇమిడినది. హోనర్ ఆ వలస త్రోవను పట్టి తన సరకును పంపెను. 1896లో వెలువడిన ఆయన సంస్థవారి మెరైన్ బాండ్ అను రకము నేటికిని తయారగుచునే యున్నది.

ఇక దాని నిర్మాణము. సాధారణమైన వాద్యమునకు పది రంధ్రములు, ఇరువది రీడ్లు. ఒకే రంధ్రమున ఊదిన ఒక స్వరము, పీల్చిన మరియొక స్వరము పలుకును. నాలుగవ రంధ్రమున ఊదిన స, పీల్చిన రి. అయిదవదానిలో గ, మ. ఆరవదానిలో ప, ద. ఏడవదానిలో వరుస తారుమారగును: పీల్చిన ని, ఊదిన పై షడ్జము. ఈ స్వరములన్నియు మన శంకరాభరణ మేళమునకు సరిపోవును. కాని మొదటి మూడు రంధ్రములలో మధ్యమమును ధైవతమును లేవు. జర్మనుల జానపద గీతములకు కొన్ని స్వరములు ఒక్కమారుగా కలిసి పలుకుట ముఖ్యము. అందుకై ఆ రెండు స్వరములను విడిచిపెట్టిరి.

ఈ లోపమునే ఐశ్వర్యముగా మార్చినవారు అమెరికాలోని ఆఫ్రికా సంతతి వాదకులు. నాలుకను, నోటిలోని ఖాళీని మార్చి గాలిని పీల్చినచో రీడు యొక్క శ్రుతి క్రిందికి జారునని వారు సాధించిరి. దానితో లేని మధ్యమ ధైవతములు పలికినవి. స్వరము నుండి స్వరమునకు జారుటయు వచ్చినది. మన గమకములలోని జారును తలపించునది ఇదియే. అంతియే కాదు, వారు షడ్జమును విడిచి పంచమమును ఆధారముగా గైకొనిరి. మన శాస్త్రమున దీనికి గ్రహభేదమని పేరు. శంకరాభరణమున పంచమమును షడ్జముగా చేసిన హరికాంభోజి వచ్చును. షికాగోలో పేరుగాంచిన లిటిల్ వాల్టర్ 1952లో ఇచ్చిన "జూక్" అను రికార్డు ఈ ప్రతిభకు తార్కాణము. కర్మాగారము చేయని స్వరములను మనుష్యుని ఊపిరి చేసినది!

అయినను పండితుల గౌరవము ఆలసించినది. అమెరికాలోని వాద్యకారుల కార్మిక సంఘము 1940వ దశకము చివరి వరకు దీనిని వాద్యముగా గుర్తింపనేలేదు. 1947లో హార్మోనికాట్స్ అను మువ్వుర బృందపు రికార్డు పది లక్షలకు మించి అమ్ముడుపోయిన తరువాతగాని వారి అభిప్రాయము మారలేదు. లారీ ఆడ్లర్ అను విద్వాంసుని కొరకు ఆంగ్ల స్వరకర్త వాన్ విలియమ్స్ 1951లో ప్రత్యేకముగా ఒక కృతిని రచించెను. 1965 డిసెంబరు 16న జెమినీ నౌకలో నుండిన వాల్టర్ షిరా నాలుగే రంధ్రములు గల మౌత్ ఆర్గన్‌ను అంతరిక్షమున వాయించెను. హార్మోనియమును సైతము ఆకాశవాణి 1940 నుండి 1971 వరకు బహిష్కరించినది గదా! బంధువు లిద్దరికిని ఒకే కష్టము.

మన దేశమున సినిమాలు దీనిని ఇంటింటికి చేర్చినవి. 1958 నాటి "సోల్వా సాల్" చిత్రమున ఒక పాటకు దీనిని వాయించినవాడు, సంగీత దర్శకుని కుమారుడు రాహుల్ దేవ్ బర్మన్. 1975లో వచ్చిన "షోలే" చిత్రమున ఇది పలికిన విషాదమును మరచినవారు లేరు.

ఇక సేకరణ. ట్రోసింగెన్‌లో నేడొక ప్రదర్శనశాల కలదు. అందు వేలకొలది వాద్యములను భద్రపరచినారు. సేకరించువారు రేకుపై చెక్కిన పేరును, పతకముల బొమ్మలను, పెట్టె మీది చిత్రములను చూచి కాలమును నిర్ణయింతురు. కావున పాత వాద్యమును పెట్టెతో సహా ఉంచవలెను. చెక్క భాగము తడిసిన ఉబ్బును, నీట కడుగరాదు. రేకును గరుకు కాగితముతో రుద్దినచో చరిత్రయే చెరిగిపోవును.

కాని అద్దాల బీరువాలో నిలిచినది లోహము మాత్రమే. దానిని ఎవరు కొనిరి, ఏ యూరి అంగడిలో కొనిరి, ఇంటిలో ఏ పాట వాయించిరి అనునవి వ్రాసియుంచనిచో అది మూగది. మన కుటుంబముల పెట్టెలలో ఇట్టివి కొన్ని యుండును. పాత ఇత్తడితో పాటు తూకమునకు పోవుచున్నవియు నుండును. తూకమున దాని ధర కొన్ని రూపాయలు. దానిని వాయించిన తాతగారి పాట ఏ తూకమునకును తిరిగి రాదు.

కావున మా మనవి రెండు మాటలు. ఇంట నున్న పాత మౌత్ ఆర్గన్‌ను అమ్మకుడు; దాని కథను ఒక చీటిపై వ్రాసి పెట్టెలో నుంచుడు. వాయింపగల పెద్దలు మన నడుమ నుండగనే ఒక పిల్లవానికో పిల్లకో క్రొత్తదానిని కొని యిచ్చి వారి యొద్ద కూర్చుండబెట్టుడు. వచ్చే సమావేశమునకు వాద్యములతో రండు. అప్పుడు ప్రసంగము మాది కాదు, వారిది.