వంటింటి వైద్యం – దాని బలం, దాని హద్దు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భంగా తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగువారి ఇండ్లలో పోపులపెట్టె వంటకే గాక వైద్యానికి కూడా తొలి నెలవు. జలుబు చేస్తే మిరియాల చారు, కడుపు ఉబ్బరిస్తే వాము, నోరు అరుచి అయితే అల్లం – ఈ క్రమం తరతరాలుగా వస్తున్నది. దీనిని మూఢత్వమని త్రోసివేయుట తగదు. సర్వరోగ నివారిణియని నమ్ముట అంతకంటె తగదు. వంటింటి అసలు శక్తి రోగం వచ్చిన తరువాత వాడే చిట్కాలలో కంటె, ప్రతిపూట వడ్డించే అన్నంలోనే అధికంగా ఉన్నది. ఈ సత్యాన్ని చాటే చరిత్ర తెలుగు నేలకు, తమిళ నేలకు ఉమ్మడిగా ఉన్నది.

ఒకప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి ప్రబలి ఉండేది. కాళ్ళు తిమ్మిరెక్కేవి, సత్తువ సన్నగిల్లేది. కొందరికి ఒళ్ళు నీరుపట్టి గుండె దెబ్బతినేది. ఈ వ్యాధిని పరిశోధించుటకై 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ నీలగిరులలోని కూనూరులో ఒక చిన్న విభాగాన్ని ప్రారంభించినాడు. అదే క్రమంగా పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరొందినది.

బెరిబెరికి మూలం బియ్యంలోనే ఉన్నది. మరలో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యంలో తవుడుతో పాటు బి1 విటమిన్ కూడా పోతుంది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలలో ఈ బాధ చాలా తక్కువ. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి దంచినందువలన పై పొరలలోని విటమిన్ గింజ లోపలికి చేరి నిలుస్తుంది. ఒకే ధాన్యం, ఒకే ఆకలి. తయారుచేసే పద్ధతిలోని భేదమే ఆరోగ్యానికి, అనారోగ్యానికి మధ్య గీత గీసినది. తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇడ్లీకై ఉప్పుడు బియ్యం నానబోసే ప్రతిసారి ఈ సంగతి తలచుకొనదగినది. బియ్యాన్ని పదేపదే కడుగుట, వార్చిన గంజిని పారబోయుట చేతికందిన పోషణను కాలువ పాలు చేయుటయే.

బెరిబెరి నేడు అరుదు. కాని మరొక లోపం తరగతి గదులలోనే కూర్చొని ఉన్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుండి 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నది. పాఠం వింటూ కునికే పిల్ల, ఆటల గంటలో ఆయాసపడే పిల్ల సోమరి కాకపోవచ్చును. ఆమె రక్తంలో ఇనుము తక్కువై ఉండవచ్చును. మందలింపుకు ముందు రక్తపరీక్ష అవసరం.

ఇక్కడ వంటిల్లు చేయగలిగినది చాలా ఉన్నది. తోటకూర, మునగాకు, ఉలవలు, నువ్వులు, పప్పుధాన్యాలు ఇనుమునిస్తాయి. అయితే శాకాహారంలోని ఇనుము శరీరానికి సులభంగా పట్టదు. అదే పూట నిమ్మరసమో, ఉసిరికాయో, జామపండో తోడైతే వాటిలోని సి విటమిన్ ఆ ఇనుమును ఇముడ్చుకొనుటకు తోడ్పడుతుంది. భోజనంతో పాటే తాగిన కాఫీ, టీలు అందుకు అడ్డుపడతాయి. కనీసం ఒక గంట ఎడముండుట మేలు. మాంసాహారులకు మాంసం, కాలేయం మరింత సులువుగా ఇనుమును అందిస్తాయి.

రక్తం పట్టుటకు ఫోలిక్ ఆమ్లం కూడా కావలెను. లాటిను భాషలో ఆకు అనే మాట నుండి ఈ పేరు పుట్టినది. భీమవరంలో 1895లో జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలోనే, 1945లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఈ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినారు. ఆకుకూరలను అతిగా ఉడికించి నీళ్ళు పారబోస్తే ఇది నశిస్తుంది. ఇంతచేసినా, రక్తహీనత ముదిరినప్పుడు ఆకుకూర ఒక్కటే చాలదు. వైద్యుడు చెప్పిన ఇనుము మాత్రలు, నులిపురుగుల మందు తప్పక వాడవలెను. పాఠశాలలో ఇచ్చే మాత్రలను పిల్లలు పారవేయకుండ చూచుట తల్లుల బాధ్యత.

ఇక చిట్కాల సంగతి. ఉప్పునీటి పుక్కిలింత గొంతునొప్పికి ఉపశమనం. తేనె పిల్లల రాత్రి దగ్గును కొంత తగ్గిస్తుంది. కాని ఏడాది నిండని పసికందుకు తేనె నాకించుట ప్రాణాపాయం కలిగించగలదు. మెంతులు తింటున్నామని మధుమేహ రోగులు మందులు మానుట అనర్థం. కామెర్లకు కంటిలో, ముక్కులో పసరు పోయుట, వాతలు పెట్టుట వలన మేలు లేదు సరికదా, విలువైన కాలం వృథా అవుతుంది.

అన్నిటికంటె జాగ్రత్త అవసరమైనది విరేచనాల విషయంలో. లంఖణం పరమౌషధమనే మాటను పట్టుకొని పసిపిల్లలకు నీరు, ఆహారం ఆపివేసే అలవాటు ఇంకను కొన్ని ఇండ్లలో ఉన్నది. ఆ పిల్లలను బలిగొనేది నీటి లోపమే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగినప్పుడు, వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని తాగించి ఎందరి ప్రాణాలనో నిలిపినాడు. మందుల దుకాణంలో దొరికే ఓఆర్ఎస్ పొట్లం శ్రేష్ఠం. అది అందనప్పుడు, ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో మట్టంగా కొలిచిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించవలెను. ఉప్పు కొలత మించరాదు. తల్లిపాలు, మెత్తని అన్నం ఆపరాదు. కళ్ళు గుంటలు పడినా, మూత్రం తగ్గినా, మలంలో రక్తం కనిపించినా, బిడ్డ మగతగా ఉన్నా తక్షణం ఆసుపత్రికి చేర్చవలెను.

పెద్దలు అందించిన వంటింటి విజ్ఞానాన్ని గౌరవించుట అనగా దాని బలాన్ని వినియోగించుకొనుట, దాని హద్దును గుర్తెరుగుట. పిల్లల భోజనపు డబ్బాలో వారానికి మూడు నాలుగు మార్లు ఒక ఆకుకూర, దాని ప్రక్కన ఒక నిమ్మచెక్క – ఏ ఇంటికైనా ఇది పెద్ద ఖర్చు కాదు. ఆ మాత్రం శ్రద్ధ ఉన్న ఇంటి బిడ్డ పాఠం వినే ఓపికతో బడికి వస్తుంది.