తడి లేకుండా నడిచే పొర

హైడ్రోజన్ కార్ల గురించి వినే ఉంటారు. ఆ కారులోని ఫ్యూయెల్ సెల్‌లో హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి కరెంటునూ నీటినీ ఇస్తాయి. రెండు వాయువుల మధ్య ఓ పల్చని ప్లాస్టిక్ పొర ఉంటుంది. వాయువులను ఆపి, ప్రోటాన్లను దాటనివ్వడం దాని పని.

వాడుకలో ఉన్న నాఫియాన్ పొరకు తడే ప్రాణం. అందుకే సెల్‌ను 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర నడుపుతారు. నూరు దాటితే పొర ఎండిపోతుంది. కానీ అంత తక్కువ వేడిలో మరో చిక్కుంది. సహజవాయువు నుంచి తీసిన హైడ్రోజన్‌లో కాస్త కార్బన్ మోనాక్సైడ్ మిగిలినా ప్లాటినానికి అంటుకుని దాని పని చెడగొడుతుంది. కాబట్టి శుద్ధికి బోలెడు ఖర్చు. వేడి పెరిగితే ఆ పట్టు సడలుతుంది.

1995లో క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం వారు పాలీబెంజిమిడజోల్ పొరను ఫాస్ఫారిక్ ఆమ్లంలో నానబెట్టి చూపించారు. అమెరికాలో అగ్నిమాపక సిబ్బంది దుస్తుల్లో వాడే పదార్థమే అది. నీటికి బదులు ఆమ్లమే ప్రోటాన్లను మోస్తుంది. 160 డిగ్రీల వేడిలోనూ సెల్ నడుస్తుంది.

మరి ఇబ్బంది లేదా? ఉంది. సెల్‌ను ఆపి చల్లారనిస్తే నీరు చేరి ఆమ్లాన్ని కడిగేస్తుంది. మాటిమాటికీ ఆపే కారుకు అది కష్టం, ఆగకుండా నడిచే జనరేటరుకు నయం. వేడికీ తడికీ తట్టుకునే పొర కోసమే ఇప్పటి వెతుకులాట.