నవగావ్ మట్టిదిబ్బలు



ఈ శతవార్షికోత్సవములలో మన దేవాలయములను గూర్చి, బడులను గూర్చి, ఆసుపత్రులను గూర్చి పెద్దలు ఇదివరకే చెప్పియున్నారు. మేము ఒక సమాధుల తోటను గూర్చి చెప్పదలచితిమి. అది మన సంఘమువారిది కాదు, మన రాష్ట్రములోనిదియు కాదు. మహారాష్ట్రలో కొంకణ తీరమున, అలీబాగ్ పట్టణమునకు ఉత్తరముగా ఉన్న నవగావ్ అను పల్లెలోనిది. బెనె ఇశ్రాయేలీయులు అను యూదులది.

అబ్రాహాము కనాను దేశములో స్వంతముగా సంపాదించిన మొదటి నేల ఏదో మనకు తెలియును. శారాను పాతిపెట్టుటకు నాలుగు వందల తులముల వెండి తూచి ఇచ్చి కొనిన మక్పేలా పొలము. పరదేశికి పొలము కంటె, ఇల్లు కంటె ముందు సమాధికి చోటు కావలసివచ్చినది. నవగావ్‌లోను అట్లే జరిగినదని ఆ జనులు చెప్పుకొందురు.

వారి పెద్దల మాట ఇది. క్రీస్తు పూర్వము రెండవ శతాబ్దములో, అంతియొకసు ఎపిఫానీసు చేసిన హింసలకు తాళలేక కొందరు ఓడనెక్కి పారిపోయివచ్చిరి. ఖాందేరీ, ఉందేరీ దీవుల దగ్గర ఓడ పగిలినది. ఏడుగురు పురుషులు, ఏడుగురు స్త్రీలు మాత్రమే ఒడ్డుకు చేరిరి. కొట్టుకొనివచ్చిన శవములను నవగావ్‌లో పాతిపెట్టిరి. పురుషులకు ఒక దిబ్బ, స్త్రీలకు ఒక దిబ్బ. గ్రంథములన్నియు సముద్రము పాలైనవి.

ఇది చరిత్రయా, కథయా అని అడుగువారున్నారు. అడుగవలసినదే. ఆ కాలమును రుజువుచేయు శాసనమేదియు లేదు. అయితే 2016లో వెలువడిన జన్యు పరిశోధన, వీరిలో మధ్యప్రాచ్యపు యూదుల రక్తము, ఇక్కడివారి రక్తము రెండును కలిసియున్నవని చూపినది. ఎన్నడు వచ్చిరో తేలకపోయినను, ఎక్కడినుండియో వచ్చిరన్న మాట వట్టిది కాదు.

పుస్తకము లేని జనము ఎట్లు నిలిచినదన్నది మాకు అన్నిటికంటె వింతగా తోచినది. వారికి మిగిలినవి కొద్దియే. ఎనిమిదవ దినమున సున్నతి, విశ్రాంతి దినము, తినదగినవి తినరానివి అను భేదము, ద్వితీయోపదేశకాండములోని 'షెమా' అను ఒక్క ప్రార్థన. పెండ్లికైనను, చావుకైనను అదే చెప్పెడివారట. గానుగ ఆడించి నూనె తీయుట వారి వృత్తి. మన ఊళ్లలో గాండ్లవారు, తెలికలవారు ఉన్నట్లే. కాని శనివారమునాడు ఎద్దును గానుగకు కట్టరు గనుక ఇరుగుపొరుగువారు వారిని 'శనివార్ తేలీలు' అనిరి. మరాఠీయే వారి ఇంటి భాష అయినది. పెన్ ఊరివారు పెన్‌కర్, కిహిమ్ వారు కెహిమ్‌కర్ అయిరి. మన ఇంటిపేర్లలోను అనేకము ఊళ్ల పేర్లే కదా! దావీదు రాహాబీ అను యూదుడు వచ్చి వీరిని కనుగొనినప్పుడు, వారి స్త్రీలకు పలురకముల చేపలిచ్చి వండుమనెనట. రెక్కలు, పొలుసులు ఉన్నవాటిని మాత్రమే వారు ఏరుకొనిరట. లేవీయకాండము వారి వంటయింటిలో ఉండినదన్నమాట!

పందొమ్మిదవ శతాబ్దములో మిషనెరీలు వచ్చిరి. అమెరికన్ మరాఠీ మిషను వారు బడులు పెట్టిరి. జాన్ విల్సన్ దొర 1832లో మరాఠీలో హెబ్రీ వ్యాకరణమును అచ్చు వేయించెను. వీరిలో క్రైస్తవులైనవారు బహు కొద్దిమంది. చదువుకొనిన పాత నిబంధన వారిని వారి పితరుల మతములోనే గట్టిపరచినది. మిషను పని విఫలమైనదని కొందరనవచ్చును. మేము అట్లు అనజాలము. పోగొట్టుకొనిన గ్రంథము ఇంటివారికి తిరిగి చేరినది.

బొంబాయిలో 1796లో శామ్యూల్ ఎజకిల్ దివేకర్ వారి మొదటి సమాజమందిరమును కట్టించెను. అలీబాగ్‌లో 1848లో మరియొకటి వెలసినది. తరువాతి సమాధుల మీద హెబ్రీ, మరాఠీ అక్షరములు చెక్కిరి. నవగావ్ దిబ్బల క్రింద ఉన్నవారి పేర్లు మాత్రము ఎవరికిని తెలియవు. మన పల్లెల సమాధుల తోటలలోను రాయి లేని మట్టిదిబ్బలు ఎన్ని లేవు! అవి ఎవరివో చెప్పగల ముసలివారు బ్రదికియుండగానే సంఘ కాపరులు పేర్లు వ్రాయించి రిజిస్టరులో ఉంచినచో బాగుండునని ఈ సభ ముందు మనవి చేయుచున్నాము.

1948 నాటికి ఇంచుమించు 20,000 మంది ఉండిన ఆ జనములో అత్యధికులు ఇశ్రాయేలు దేశమునకు వెళ్లిపోయిరి. అక్కడ కొందరు మతగురువులు, వీరు నిజమైన యూదులేనా అని శంకించి పెండ్లిండ్లకు అభ్యంతరము చెప్పిరి. ఎన్నో శతాబ్దములు శనివారము గానుగ ఆపినవారికి అది ఎంత బాధ! వారు నిరసనకు దిగిరి. 1964లో ఇశ్రాయేలు శాసనసభ వారిని అన్ని విధముల యూదులేనని ప్రకటించినది. ఇక్కడ మహారాష్ట్ర ప్రభుత్వము 2016లో యూదులకు అల్పసంఖ్యాక హోదా ఇచ్చినది.

కొంకణపు పల్లెలలో ఇప్పుడు యూదుల ఇండ్లు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని. నవగావ్‌లో ఒక స్మారక స్తంభము నిలిపియున్నారు. ఇశ్రాయేలులో పుట్టి మరాఠీ సగము మరచిన మనుమలు, మనుమరాండ్రు అక్కడికి వచ్చి, పేరు లేని ఆ దిబ్బలను చూచి వెళ్లుచున్నారు.