నీడ నీడగానే యుండవలెను

కాణిపాకమున వరసిద్ధి వినాయకస్వామి ఆలయము వెలుపల, ఎండవేళ, మండపపు నీడలో నిలిచి మేము గోపురమును ఛాయాచిత్రము తీయబోతిమి. గోపురమునకు వెలుగు సరిపెట్టగా మండపము మసిబారెను. మండపమునకు సరిపెట్టగా గోపురము సున్నము కొట్టినట్లయ్యెను. కంటికి మాత్రము రెండును కనబడుచునే యున్నవి! అందుచే కెమెరాను కదల్చక, వెలుగు మార్చి మూడు చిత్రములు తీసి, ఇంటికి వచ్చి కంప్యూటరుపై ఒకటిగా కూర్చితిమి.

ఇట్లు కూర్చు సాఫ్ట్‌వేరులలో ఉచితముగా లభించునవి రెండు చూతము. ల్యూమినెన్స్ హెచ్.డి.ఆర్. మూడు చిత్రములనుండి దృశ్యమందలి వెలుగును లెక్కగట్టి, పిదప దానిని తెరకు పట్టునట్లు కుదించును. ఇట్లు లెక్కగట్టు విధమొకటి 1997లో డెబెవెక్, మాలిక్ అనువారు ప్రకటించిరి. కుదించుటకు పలు పద్ధతులు కలవు: ఫట్టాల్ పద్ధతి చెక్కడపు పనిని ఎత్తి చూపును; రైన్‌హార్డ్ పద్ధతి సౌమ్యమైనది. ఎన్‌ఫ్యూజ్ ఈ లెక్కకు పోదు. మెర్టెన్స్ ప్రభృతులు 2007లో చూపిన త్రోవను, ప్రతి చిత్రములోను చక్కగా వచ్చిన భాగములకు ఎక్కువ పాలిచ్చి కలిపివేయును.

శిల్పమును పరిశీలించుటకు ఫట్టాల్ మేలు. యాత్రకు రాలేని ఇంటి పెద్దలకు చూపుటకు మేము ఎన్‌ఫ్యూజ్ కూర్చిన చిత్రమునే ఎన్నుకొంటిమి. వారికి ఆ పటమే క్షేత్రదర్శనము. అందు లేని వెలుగును చూపరాదు గదా!