హృదయ దర్శనము



మన పూర్వకవులు హృదయమును పద్మముతో పోల్చిరి. వైద్యుడు చూడగోరునది నిమిషమునకు డెబ్బది పర్యాయములు ముడుచుకొని విప్పారు కండరము. నిలువని దాని రూపమును పట్టుట యెట్లు?

1895లో రాంట్జెన్ ఎక్స్ కిరణములను కనుగొనెను. కాని ఆ చిత్రమున ముందు వెనుకలు ఒకదానిపై నొకటి పడి కలసిపోవును. దీనికి ఆంగ్లేయుడగు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డు గణితముతో మార్గము వెదకెను. గడులుగా విభజించిన పెట్టె మూసియున్నను, అడ్డు, నిలువు, ఐమూల వరుసల మొత్తములు చాలినన్ని తెలిసినచో ఏ గడిలో నెంత యున్నదో లెక్క తేల్చవచ్చును గదా! అట్లే పలు దిక్కులనుండి కిరణములను పంపి, శరీరము హరించిన పాలును కొలిచి, కంప్యూటరుచే గణింపజేసి లోపలి పొరను చిత్రించెను. 1971 అక్టోబరు 1న లండనులో ఒక స్త్రీ మెదడును ఇట్లు చూచిరి. ఈ గణితమును ఆలన్ కార్మాక్ అంతకు మునుపే ప్రకటించియుండెను, పట్టించుకొన్నవారు అరుదు. 1979లో ఇరువురకును వైద్యశాస్త్ర నోబెల్ బహుమానము లభించెను. ఇరువురును వైద్యులు కారు. హౌన్స్‌ఫీల్డు విశ్వవిద్యాలయమున చదివి పట్టము పొందినవాడును కాడు!

మెదడు కదలదు, గుండె కదలును. తొలి యంత్రమునకు ఒక్కొక్క చిత్రణకు నిమిషములు పట్టెడివి. నేడు సెకనులో కొద్ది భాగము చాలును. నాడి వేగము తగ్గుటకు మందిచ్చి, రక్తములోనికి అయొడిను ద్రవమెక్కించి, గుండె యొకింత విశ్రమించు క్షణమును విద్యుల్లేఖనమును బట్టి యెన్నుకొందురు. అప్పుడు ధమనులలోని పూడిక కానవచ్చును. పూర్వము దీనికై గొట్టమును గుండెదాక పంపవలసి వచ్చెడిది.

చూచినంత మాత్రమున మేలేమి? స్కాట్లండులో ఛాతీనొప్పితో వచ్చిన 4,146 మందిని రెండు వర్గములు చేసి, ఒక వర్గమునకు మామూలు పరీక్షలతోపాటు ఈ చిత్రమును గూడ తీసిరి. 2018లో ప్రకటించిన ఐదేండ్ల ఫలితము: గుండెపోటు గాని ధమనీవ్యాధిచే మరణము గాని సంభవించినవారు చిత్రము తీసిన వర్గమున నూటికి 2.3, తక్కినదానిలో 3.9. చిత్రము స్వయముగా రోగమును మాన్పలేదు; మందు ఎవరికి అవసరమో తెలిపెను. పూడిక సగము కూడ లేనివారికిని మందు అవసరము కావచ్చును, అట్టివారు ఇతర పరీక్షలకు చిక్కరు.

1990లో అగాట్‌స్టన్ ప్రభృతులు ధమనులలోని సున్నపుగట్టిని అంకెలలో కొలుచు పద్ధతి నేర్పరచిరి. ఆ అంకె సున్న యైనంతనే నిశ్చింత కూడదు; మెత్తని పూడిక ఆ లెక్కకు రాదు. గట్టి యెక్కువైన ముదుసలి ధమనులలో దాని మెరపు దారిని కప్పివేయును. కిరణకణములను ఒక్కొక్కటిగా లెక్కించు యంత్రమునకు 2021లో అమెరికాలో అనుమతి లభించెను. ఆ మెరపు దీనిలో చాలవరకు తగ్గును. అయినను సందేహము తీరనిచోటను, ధమనిని విప్పవలసినచోటను, నేటికిని గొట్టమే లోనికి పోవలెను.