చిందు ఎల్లమ్మ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన బాల్కొండలో గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిండించుకొన్న ఈ శుభసమయమున, పుస్తకములకు అంతగా ఎక్కని ఒక విద్యను గూర్చియు, ఆ విద్యతోనే జీవితమును గడపిన ఒక గాయనీనటీమణిని గూర్చియు నాలుగు మాటలు మనవి చేయదలచితిని. ఆమె మన జిల్లావారే. బోధను ప్రాంతమున అమ్దాపూరు గ్రామమునకు చెందిన చిందు ఎల్లమ్మ.

పాటతో కథ నడపు నాటకమును పాశ్చాత్యులు ఆపెరా అందురు. అట్టి నాటకము మనకు క్రొత్త కాదు. 16వ శతాబ్దిలోనే కందుకూరి రుద్రకవి సుగ్రీవ విజయమను యక్షగానమును రచించెను. తంజావూరు నాయకరాజుల కొలువులలో ఆ ప్రక్రియ మిక్కిలి ఆదరము పొందినది. మన తెలంగాణమున అది రాజాశ్రయము కోరక పల్లెల వాకిళ్ళలో నిలిచినది. చెర్విరాల బాగయ్య వంటి కవులు పల్లె ప్రదర్శనలకు తగినట్లు యక్షగానములు వ్రాసిరి. దరువులు, ద్విపదలు, కందార్థములు, నడుమ నడుమ వచనము, ఇదియే దాని నడక.

ఈ విద్యను వంశపారంపర్యముగా కాపాడినవారిలో చిందువారు ముఖ్యులు. వీరు మాదిగ కులమునకు ఆశ్రితులు. జాంబపురాణము వీరి సొత్తు. ఒక్కొక్క కుటుంబమునకు మిరాశిగా కొన్ని గ్రామములు ఉండెడివి. ఆ గ్రామములకు పోయి, వాడలో రాత్రి తెల్లవార్లు ఆడి, దాతలు ఇచ్చిన ధాన్యమును, రూకలను పుచ్చుకొని మరియొక గ్రామమునకు సాగిపోవుదురు. సారంగధర, చెంచులక్ష్మి, బాలనాగమ్మ, ప్రహ్లాద మున్నగునవి వీరు ఆడెడి కథలు. మేళమంతయు ఒక కుటుంబమే. మద్దెల వాయించువాడు అన్న, తాళము వేయువాడు మామ, రాణివేషము వదినెది, ముఖమునకు అర్దళము పూయునది తల్లి. కిరీటములు, భుజకీర్తులు తేలికకఱ్ఱతో తామే చేసికొందురు. పలు నాటక సంప్రదాయములలో స్త్రీవేషములు పురుషులే కట్టిన కాలమున, చిందు మేళములో స్త్రీలు పాడిరి, ఆడిరి. ఇది సామాన్య విషయము కాదు.

ఎల్లమ్మ ఇరువదవ శతాబ్ది తొలి పాదమున ఇట్టి కుటుంబములో జన్మించి, బాల్యముననే గజ్జెకట్టినది. ఆ విద్యకు బడి లేదు, పలక లేదు. చంకలోని బిడ్డ వినుచు వినుచు దరువు నేర్చును. నడక వచ్చిన నాడే అడుగు వచ్చును. ఇక పాడవలసిన చోటు ఎట్టిది? ఆరుబయలు. పైకప్పు లేదు, ధ్వనివర్ధకము లేదు. మద్దెల మోతను దాటి, కడవరుసలో కూర్చున్న ముదుసలికి మాట వినబడవలెను. ఆడుచునే పాడవలెను. ఒక రాత్రి చెడిన గొంతుతోనే మరుసటి ఊరిలో మరల పాడవలెను. ఇట్లు దశాబ్దములు సాగించుట ఎంతటి సాధనయో పాడువారికే తెలియును.

ఇంచుమించు ఆ కాలముననే ఇంగ్లండులో కాథ్లీన్ ఫెరియర్ అను గాయని ఉండెను. ఆమె 1912లో లాంకషైరులో జన్మించినది. పదునాలుగేండ్లకే చదువు చాలించి టెలిఫోను కార్యాలయములో పనికి కుదిరినది. 1937లో ఒక సంగీతోత్సవమున బహుమతి గెలిచినది మొదలు ఆమె గొంతు లోకమునకు తెలిసినది. 1946లో గ్లైండ్‌బోర్నులో తొలిసారి ఆపెరా రంగమెక్కినది. ఆపెరాలో ఆమె ధరించినవి రెండే పాత్రలు: లుక్రీషియా, ఆర్ఫియస్. రెండవది పురుషపాత్ర. 1953 ఫిబ్రవరిలో లండను కోవెంట్ గార్డెనులో ఆ పాత్ర పాడుచుండగా, వ్యాధితో బలహీనమైన కాలి ఎముక విరిగినది. అయినను ఆమె ఆట ముగియువరకు నిలిచి పాడినది. ఆ ఏడే అక్టోబరు 8న తన నలుబదియొక్క ఏండ్ల వయస్సున కన్నుమూసినది.

ఇద్దరును సామాన్యుల బిడ్డలే. ఇద్దరికిని ఆట నడుమ ఆగరాదన్నదే నియమము. కాని ఫెరియర్ గొంతు గ్రామఫోను పలకలపై నిలిచినది. ఆమె పోయి ఏడు దశాబ్దములు దాటినను కోరినవారు వినవచ్చును. మన పల్లెల్లో పాడిన చిందు స్త్రీల గొంతులెన్ని నిలిచినవి? వారి పేరులైన ఎన్ని వ్రాసికొంటిమి?

మరియొక బాధాకరమైన మాట చెప్పక తప్పదు. చిందువారిలో స్త్రీ ఎల్లమ్మ వేషము కట్టుట కేవలము నటన కాదు, అది పూజ. ఆ వేషమునకు జనులు పసుపు కుంకుమలతో మ్రొక్కుదురు. వేషము విప్పిన మరునాడు ఆ తల్లియే దాహమునకు నీళ్ళడిగినచో దూరమునుండి పోసిన ఊళ్ళు ఉండెను. అంటరానితనమును రాజ్యాంగము 1950లోనే నిషేధించినది. మనస్సు నుండి తొలగించు పని మనదే. కళను మెచ్చి కళాకారిణిని వెలుపల నిలుపుట మెప్పు కానేరదు.

ఎల్లమ్మ 2005లో పరమపదించినది. అప్పటికి ఆమె పేరు జిల్లా ఎల్లలు దాటినది. చిందు యక్షగానమునకై గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ లభించుట సంతోషకరము. కాని సినిమా, టెలివిజను వచ్చిన పిదప మిరాశి గ్రామములలో పిలుపులు తగ్గినవి. పిలుపు లేనిచోట పాట నిలువదు.

కావున ఈ గ్రంథాలయమునకు నా విన్నపము మూడు మాటలు. ఏటేట ఒక రాత్రి చిందు మేళమును పిలిపించి, తగిన పారితోషికము ముందుగానే నిర్ణయించి ఇండు. పెద్దలకు జ్ఞాపకమున్న దరువులను వారి అనుమతితో వ్రాయించి, గొంతులను యంత్రమున పట్టించి, వాని ప్రతిని వారికిని ఇచ్చి, ఇచ్చట భద్రపరచుడు. వారి బిడ్డలను ఈ పఠనమందిరములో ముందువరుసలో కూర్చుండబెట్టుడు. గ్రంథాలయమనగా వ్రాసినదానిని దాచు చోటు మాత్రమే కాదు, వ్రాయవలసినదానిని వెదకు చోటు కూడ.

ఈ సంస్థ స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఈ అలమరలలో మన చిందు తల్లుల పాటలకు ఒక వరుస ఉండవలెనని కోరుచున్నాను.