తుపాను రాత్రి – బ్యాటరీ దీపము



వశిష్ఠ గోదావరి తీరమందలి మన దిండికి కార్తీకము చలితోపాటు తుపాను భయమును గూడ తెచ్చును. 1996 నవంబరు 6వ తేదీ తుపానున కోనసీమలో కొబ్బరిచెట్లు కూలి, కరెంటు స్తంభములు విరిగి, ఊళ్లు చీకటిపాలైనవి. నేడు పెక్కు ఇండ్లలో ఇన్వర్టరు కలదు. దానిని పొదుపుగా వాడుట మనము నేర్వవలెను.

12 వోల్టుల, 150 ఆంపియర్ గంటల బ్యాటరీలో 1,800 వాట్ గంటల విద్యుత్తు నిలువయుండును. సీసపు బ్యాటరీని తరచుగా సగమునకు మించి వాడినచో దాని ఆయువు తగ్గును. కనుక 900గానే లెక్కింపవలెను. 70 వాట్ల పంకా ఒకటి, 9 వాట్ల దీపములు రెండు వాడినచో అది సుమారు ఎనిమిది గంటలు వచ్చును. పంకా ఆపినచో రెండు రాత్రులు గడచును.

బ్యాటరీలో బావినీరు పోయరాదు. డిస్టిల్డ్ వాటరే పోయవలెను. వరదనీరు అందని ఎత్తున, గాలియాడు చోట దానినుంచవలెను. జనరేటరును ఇంటి ప్లగ్గులో నేరుగా కలుపరాదు. ఆ విద్యుత్తు తీగలలోనికి ఎదురెక్కి, మన వెలుగు కొరకే స్తంభమెక్కిన లైనుమాను ప్రాణము తీయగలదు. ఈ సంగతిని తుపానుకు ముందే ఇంటింటికి తెలుపుడని మా మనవి.